అందరికీ మామయ్య సెట్టింగ్సే

సొంత అభిరుచి అనేది సంస్థకు పట్టిన చెద. దాన్ని మొదలంటా తవ్వి పారేస్తే తప్ప మానవజాతికి, ముఖ్యంగా ఇళ్ళ ప్లాన్లు గీసే మానవజాతికి, ముక్తి లేదు!

ఈ మాట అన్నది మా మామయ్య. అన్న చోటు మా ఆఫీసు మధ్యగది. సోమవారం పొద్దున్న, మేమంతా ఇంకా కుర్చీలు సర్దుకుంటుండగా అన్నాడు. ముందురోజు ఆయన ఏదో హోటల్లో 'సమర్థ నిర్వహణ' మీద ఉపన్యాసం విని వచ్చాడు. ఉపన్యాసం తర్వాత భోజనం కూడా పెట్టారట. ఆ రెంటిలో ఏది అరక్కపోయినా బాధపడేది మేమే కాబట్టి చేతులు కట్టుకుని విన్నాం.

మాది ఇళ్ళ ప్లాన్లు గీసిపెట్టే సంస్థ. యజమాని మామయ్య, అంటే మా అమ్మకు అన్న. ఆయన మేనల్లుణ్ణి కావడం వల్ల నాకు ఉద్యోగం దొరికింది. కంప్యూటర్లంటే భయం లేకపోవడం వల్ల ఆ ఉద్యోగంలో పని కూడా దొరికింది. ఎవరి కంప్యూటరైనా మొరాయిస్తే నన్ను పిలుస్తారు. నేను దాన్ని ఆపి మళ్ళీ వేస్తాను. అది పనిచేస్తుంది. మా సంస్థలో దీన్నే సాంకేతిక విభాగం అంటారు.

గీసేవాళ్ళలో అందరికంటే చురుకైన చెయ్యి మా వదినది, అంటే మా అన్నయ్య భార్యది. ఆవిడది ఎడమచేతి వాటం. మౌసు ఎడమపక్కన పెట్టుకుంటుంది. పనిముట్ల పట్టీని స్క్రీను కుడి అంచుకు జరుపుకుంది. గోడకొక మీట, తలుపుకొక మీట, కిటికీకొక మీట కేటాయించుకుంది. వెనకంతా నలుపు, గోడలు పసుపు, నీళ్ళ గొట్టాలు నీలం. ఇవన్నీ ఒక్కరోజులో అమిరినవి కావు. కొత్త కాపురం సర్దుకున్నట్టు ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే సర్దుకుంది. ఆ సెట్టింగ్స్ మొత్తాన్నీ ఒక పెన్‌డ్రైవులో దాచి, తాళంచెవుల గుత్తికి తగిలించుకుని తిరుగుతుంది. ఇంట్లో నిప్పంటుకుంటే ముందు దీన్నే పట్టుకుని బయటికి పరిగెడతానని ఓసారి అంది. అన్నయ్య కాస్త నొచ్చుకున్నాడు.

ఇక మామయ్య సంగతి. ప్రతి ప్లానులోనూ చివరి గీత ఆయనదేనని పేరు. మేం గీసిన ప్లాను ఆయన గదిలోని కంప్యూటరుకు వెళ్తుంది. తలుపు మూసుకుంటుంది. లోపల్నుంచి కీబోర్డు టకటకలాడుతుంది. కాసేపటికి తలుపు తెరుచుకుని, నుదురు తుడుచుకుంటూ, "ఇప్పుడు బాగుంది, పంపించండి" అంటాడు. ఏం బాగుపడిందో మాకెవరికీ కనబడేది కాదు. గొప్పవాళ్ళ గీతలు మామూలు కళ్ళకు ఆనవని లెక్కల బాబాయి మాకు నచ్చజెప్పేవాడు. ఈ లెక్కల బాబాయి మాలో ఎవరికీ బాబాయి కాడు. లెక్కలు చూస్తాడు కాబట్టి ఆ పేరులో సగం నిజం.

మళ్ళీ సోమవారానికి వస్తాను. మామయ్య చెప్పిన దాని సారాంశం ఏమిటంటే, ఇకమీదట ఎవరి కంప్యూటరులోనూ ఎవరి ఇష్టాయిష్టాలూ ఉండకూడదు. ఒకే రంగు, ఒకే వరస, ఒకే పద్ధతి. మరి ఎవరి పద్ధతి అని మాలో ఒకరు నోరు తెరవబోయారు. పెద్దవారి సెట్టింగ్స్ ఉండగా ఇంకొకరి ప్రస్తావన ఎందుకని లెక్కల బాబాయి ఆ నోరు మూయించాడు. అందరం చప్పట్లు కొట్టాం. మామయ్య ముఖంలో ఒక్క క్షణం ఏదో మెదిలి మాయమైంది. అది వినయం అనుకున్నాను.

పని నాకు అప్పజెప్పారు. పని చిన్నదే. సాఫ్ట్‌వేర్ ఎవరి ఇష్టాలను వాళ్ళ కంప్యూటరులో ఒక ఫైలుగా రాసిపెట్టుకుంటుంది. మామయ్య ఫైలును నకలు తీసి అందరి ఫైళ్ళ స్థానంలో పెట్టాలి. తర్వాత ఎవరూ మార్చకుండా దానికి తాళం వెయ్యాలి. తాళం మాట, అంటే పాస్‌వర్డు, మామయ్య స్వయంగా కొట్టాడు. నన్ను అటు తిరగమన్నాడు. ఆయన కంప్యూటరు ఒక్కదానికీ తాళం అక్కర్లేదన్నాడు. మూలవిరాట్టుకు తాళం ఏమిటి, నిజమే కదా అనుకుని, ఆ ఫైలును తెరిచి చూడకుండానే భక్తితో నకళ్ళు తీశాను. మౌసులన్నీ కుడిపక్కకు మార్చి, తీగలు కదలకుండా బల్లలకు టేపు అంటించాను. వదిన బల్ల దగ్గర టేపు అంటిస్తుంటే ఆవిడ నా చేతులకేసి చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్న అందరి కంప్యూటర్లూ ఒకేసారి తెరుచుకున్నాయి. ప్రతి స్క్రీను మధ్యా ఒక పెద్ద తెల్లటి గడి. అందులో కళ్ళూ మూతీ ఉన్న పెన్సిలు బొమ్మ ఒకటి నవ్వుతోంది. దాని పక్కన ఇలా ఉంది: 'స్వాగతం. మీరు కొత్తవారిలా ఉన్నారు. మొదటి గీత ఎలా గీయాలో నేర్పమంటారా?' కింద రెండు మీటలు. ఒకటి 'నేర్పించు'. రెండోది 'తర్వాత గుర్తుచెయ్యి'.

ఈ పెన్సిలు మాకు పాత చుట్టమే. కొత్తగా కొన్న సాఫ్ట్‌వేర్‌ను మొట్టమొదటిసారి తెరిచినప్పుడు పలకరిస్తుంది. మనం ఒక్క గీత గీశామంటే మన దారిన మనల్ని వదిలేసి పోతుంది, మళ్ళీ ఈ జన్మకు కనబడదు. అలాంటిది అందరి స్క్రీన్ల మీదికీ తిరిగొచ్చి కూర్చుంది. నకలు తియ్యడంలో నేనే ఏదో పొరపాటు చేశాననుకుని మళ్ళీ తీశాను. పెన్సిలు మళ్ళీ నవ్వింది. అప్పుడు మామయ్య ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో చూశాను. అది ఆ కంప్యూటరు కొన్నరోజు తర్వాత ఒక్కసారి కూడా మారలేదు.

ఈ సంగతి వదిన చెవిన మాత్రం వేశాను. ఆవిడ కాసేపు స్క్రీనుకేసి చూసి, "మరి ఇన్నేళ్ళూ ఆ గదిలో టకటకమన్నది ఏమిటయ్యా మరిదీ?" అని అడిగింది.

"కీబోర్డు" అన్నాను.

"అది తెలుసు. దాంతో ఏం చేసేవారంటున్నా."

నాకు తెలియదన్నాను. తెలుసుకోవాలని కూడా లేదు, జీతాలు వచ్చేది ఆ గదిలోంచే.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మామయ్య చేతకానివాడు కాడు. ఈ కంప్యూటర్లు రాకముందు, బల్ల మీద కాగితం పరిచి, స్కేలూ పెన్సిలూ పట్టుకుని ఆయన గీసిన ప్లాన్లు ఇప్పటికీ మా బీరువాలో ఉన్నాయి. చూస్తే ఆ గీతల మీద చెయ్యి వేసి నిమరాలనిపిస్తుంది. కంప్యూటర్లు వచ్చినరోజున, నాకిది రాదు, ఎవరైనా నేర్పండి అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఆ మాట అనడానికి ఆయనకు నోరు రాలేదు. అప్పట్నుంచీ తలుపు వేసుకోవడం అలవాటైపోయింది. ఆయన మీద నాకు కోపం ఎంత ఉందో జాలి కూడా అంతే ఉంది.

కానీ ఆయనకు నా జాలితో పనిలేదు. గదిలోకి పిలిచి, ఫైలు పాడుచేశావని నన్ను ఉతికి ఆరేశాడు. నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను. నన్ను రక్షించాలనో, ఆయన్ను రక్షించాలనో తెలియదుగానీ లెక్కల బాబాయి అడ్డుపడ్డాడు.

"ఫైలు పాడవలేదండీ. మనలాంటివాళ్ళకు రంగులు కావాలి, మీటలు కావాలి. పెద్దవారికి ఏదీ అక్కర్లేదు. కంపెనీవాడు ఇచ్చింది ఇచ్చినట్టే వాడుకోవాలంటే ఎంత నిగ్రహం ఉండాలండీ."

మామయ్య ఈ మాటను నోట్లో వేసుకుని కాసేపు చప్పరించాడు. రుచిగానే ఉన్నట్టుంది. టీ వేళకల్లా అది ఆయన సొంత సిద్ధాంతమైపోయింది. దాని పేరు నిగ్రహ విధానం. తాను ఇన్నేళ్ళూ ఒక్క సెట్టింగును కూడా తాకలేదనీ, అది ఒక దీక్ష అనీ, ఈ దీక్షాఫలం అందరికీ పంచాలన్నదే తన ఆరాటమనీ మాకు వివరించాడు. రోజూ పొద్దున్నే అందరం పెన్సిలును దర్శించుకుని 'తర్వాత గుర్తుచెయ్యి' నొక్కి పని మొదలుపెట్టాలి. గీతలు ఎన్ని గీసినా తాళం వేసిన ఫైలుకు ఏదీ గుర్తుండదు కాబట్టి, మర్నాడు మళ్ళీ మేం కొత్తవారిమే.

నిగ్రహ విధానం ఫలితాలు వెంటనే కనబడసాగాయి. కంపెనీవాడు పెట్టిన కాగితం కొలత వేరు, మేం వాడే కాగితం వేరు. ఒక ఇంటి ప్లాను అచ్చుకు పంపితే ఇంత పొడుగు కాగితంలో ఓ మూల తపాలా బిళ్ళంత ఇల్లు పడింది. ఆ ఇల్లు కట్టించుకోబోయే ఆయన కాగితాన్ని వెలుతురుకెత్తి చూసి, వంటగది ఎటువైపండీ అని మర్యాదగా అడిగాడు. ఇది ఇంటి సారం మాత్రమేనని లెక్కల బాబాయి చెప్పి పంపించాడు. తెల్లటి స్క్రీను మీద బూడిదరంగు గీతలు చూసి చూసి అందరి కళ్ళూ నీళ్ళు కారుతున్నాయి. అది చూసి, విధానం గుండెల్ని తాకిందని మామయ్య సంతోషించాడు.

మిగతావాళ్ళం విసుక్కుంటూ అలవాటు పడ్డాం. వదిన పడలేకపోయింది. కుడిచేత్తో మౌసు పట్టుకుంటే బాణం గుర్తు ఆవిడ చెప్పినచోట నిలబడేది కాదు. గోడ గీయబోతే మెట్లు వచ్చేవి. సగంరోజులో గీసేసే ఇంటికి వారం పట్టేది. అప్పుడే ఒక గృహనిర్మాణ సంఘం వాళ్ళు వాళ్ళ సభ్యులందరి ఇళ్ళూ మా చేత గీయించాలనుకుంటున్నారు. నమూనా ఇంటి ప్లాను వదిన వంతుకు వచ్చింది. సంఘంవాళ్ళు చూడ్డానికి వచ్చేలోపు అది పూర్తికాకపోతే, వదినను గీతల పని మాన్పించి, ముందుగదిలో కూర్చుని వచ్చినవాళ్ళను పలకరించే పనిలో పెడతానని మామయ్య అందరి ఎదుటా చెప్పాడు. ఆవిడ నవ్వు బాగుంటుంది, ముందుగదికి సరిగ్గా సరిపోతుంది అని కూడా అన్నాడు.

ఆ రోజు వదిన ముఖంలో మాత్రం ఆ నవ్వు లేదు. మధ్యాహ్నం మెట్ల దగ్గర కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నేను మామయ్యగారిని ఏం అడిగాను? నా మౌసు నా ఎడమచేతి కింద ఉంచమన్నాను, అంతేగా. నాకు ఈ గీతలు తప్ప ఇంకేం చేతకాదు. ఇంకేం ఇష్టం కూడా లేదు. ముందుగదిలో కూర్చోబెడితే నేను ఇంట్లోనే కూర్చుంటాను" అంది.

తాళం మాట నాకు తెలిసి ఉంటే అప్పుడే వెళ్ళి తీసేసేవాణ్ణేమో. నిజంగా తీసేవాణ్ణో లేదో దేవుడికి తెలుసు. తెలియదు కాబట్టి ధైర్యంగా ఆవిడ పక్కన కూర్చున్నాను.

సంఘంవాళ్ళు రానే వచ్చారు. అధ్యక్షురాలు ఒక పెద్దావిడ. సన్నగా, పొట్టిగా, చేతిసంచీతో ఉంది. వెనక ఇద్దరు సభ్యులు. ప్లాను ముప్పాతిక అయింది, ఇంకా వంటగది ఓ కొలిక్కి రాలేదు. అయినా మామయ్య వాళ్ళను, వాళ్ళ వెనకే లెక్కల బాబాయినీ నన్నూ తన గదిలోకి తీసుకెళ్ళి కాఫీ ఇప్పించి, నిగ్రహ విధానం మీద ఓ అరగంట మాట్లాడాడు. పెద్దావిడ ఓపిగ్గా విని, వంటగది గోడ కాస్త వెనక్కి జరిపితే బాగుంటుందేమోనంది. అది తప్పకుండా చేయిస్తామన్నాడు మామయ్య.

"చేయించడం ఎందుకండీ, చివరి గీత మీదేనని అందరూ చెప్పుకుంటారు. మీరు గీస్తుంటే ఒక్కసారి చూడాలని ఉంది" అంది పెద్దావిడ.

లెక్కల బాబాయి తలుపువైపు మెల్లగా రెండడుగులు వేశాడు. మామయ్య కంప్యూటరు వేశాడు. తెల్లటి గడి వచ్చింది. పెన్సిలు నవ్వింది. మామయ్య కంగారులో 'నేర్పించు' నొక్కాడు.

"మొదటి పాఠం" అంది పెన్సిలు. దానికి గొంతు కూడా ఉందని మాకు ఆ రోజే తెలిసింది. "మౌసు అంటే మీ కుడిపక్కన ఉన్న చిన్న పరికరం. భయపడకుండా దాన్ని చేతిలోకి తీసుకోండి."

ఇది అతిథుల సౌకర్యం కోసం పెట్టించామన్నాడు మామయ్య. పెన్సిలు అతిథులను పట్టించుకోలేదు. ఇక్కడ నొక్కండి అంటుంది, ఈయన అక్కడ నొక్కుతాడు. ఫరవాలేదు, మళ్ళీ ప్రయత్నించండి అంటుంది. ఆయన చెమటలు తుడుచుకుంటూ మళ్ళీ ప్రయత్నిస్తాడు. మొదటి పాఠం మొదటి మెట్టు దాటడం ఆయన వల్ల కాలేదు. పెద్దావిడ రెప్పవెయ్యకుండా చూస్తోంది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

చివరికి మామయ్య మణికట్టు పట్టుకుని, చెయ్యి బెణికిందని చెప్పి వదినను పిలిపించాడు. వదిన వచ్చి, స్క్రీనునూ పెన్సిలునూ మామయ్యనూ వరసగా చూసింది.

"నా సెట్టింగ్స్ పెట్టుకోవచ్చా మామయ్యగారూ?" అని అడిగింది.

"పెట్టుకో అమ్మా, నీవైతేనేం నావైతేనేం" అన్నాడాయన. జీవితంలో ఆయన అంత ఉదారంగా మాట్లాడగా నేను వినలేదు.

తాళం వెయ్యని కంప్యూటరు ఆఫీసు మొత్తంలో అదొక్కటే. వదిన తాళంచెవుల గుత్తి తీసి పెన్‌డ్రైవు గుచ్చింది. స్క్రీను నల్లబడింది, గోడలు పసుపెక్కాయి, పట్టీ కుడి అంచుకు జరిగింది. ఆవిడ మౌసును ఎడమపక్కకు లాక్కుని కుర్చీలో కూర్చుంది. తర్వాత చేతులు కనబడలేదు, ఇల్లే కనబడింది. వంటగది గోడ వెనక్కి వెళ్ళింది. కిటికీ దాని వెంట నడిచింది. నీలం గొట్టం వంక తిరిగి సరిగ్గా తొట్టి కిందికి చేరింది. పెద్దావిడ అడిగినవీ అడగనివీ కూడా అమరిపోయాయి. నాకు ఈల వెయ్యాలనిపించింది.

పెద్దావిడ ముఖం విప్పారింది. ఈ ఏర్పాటంతా ఎవరిదండీ, ఎంత వీలుగా ఉందో అంది. వదిన నోరు విప్పేలోపు మామయ్య నాదేనన్నాడు, కంప్యూటరు నాది కదా అని కారణం కూడా చూపించాడు.

"అయితే మీదీ ఎడమచేతి వాటమేనా?"

"పుట్టుకతోనేనండీ" అన్నాడు మామయ్య.

చిన్నప్పట్నుంచీ చూస్తున్నానని లెక్కల బాబాయి తలుపు దగ్గర్నుంచి సాక్ష్యం పలికాడు. ఆయన మా ఆఫీసులో చేరినప్పటికే మామయ్యకు బట్టతల. వాళ్ళిద్దరూ అంతటితో ఆగినా బాగుండేది. ఈ ఎడమచేతి సెట్టింగ్సే అన్ని కంప్యూటర్లలోనూ ఉన్నాయి కదా అని మామయ్య నన్ను అతిథుల ఎదుట గట్టిగా అడిగి, తాళం మాట చెవిలో చెప్పాడు. తాళాలు తీసి వదిన సెట్టింగ్స్ పెట్టడానికి నేను పరిగెత్తాను. నిగ్రహ విధానం కాఫీ చల్లారేలోగా రద్దయిపోయింది. నేను బల్లల టేపులు పీకి మౌసులు ఎడమపక్కకు నెట్టుకుంటూ వస్తుంటే, కుడిచేతి వాటం మనుషులందరూ లోపలివాళ్ళకు వినబడకుండా నన్ను తిడుతూ ఎడమచేతులు చాచారు. ఒకాయన మౌసు బల్ల దిగి కిందికి వేలాడింది.

నేను తిరిగి వచ్చేసరికి పెద్దావిడ సంచీలోంచి ఒప్పందం కాగితాలు తీసి బల్ల మీద పరిచి ఉంది. మామయ్య ఉత్సాహంగా కుడిచేత్తో జేబులోంచి పెన్ను తీశాడు. తీశాక గుర్తొచ్చింది. పెన్నును ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. బెణికిన చెయ్యి ఏదో ఆయనకూ గుర్తున్నట్టు లేదు, నాకూ గుర్తులేదు. పెన్ను గరిటె పట్టుకున్నట్టు పట్టుకుని, నాలుక కొస పళ్ళమధ్య పెట్టుకుని, కాగితం మీదికి వంగాడు. పెన్ను గీరినట్టు కిర్రుమంది. ఆయన పేరులో మొదటి అక్షరం పుట్టి, వంకర తిరిగి, అంచు దాటి బల్ల మీదికి వెళ్ళిపోయింది.

పెద్దావిడ ఆ కాగితాన్ని మెల్లగా తనవైపు లాక్కుని, సంచీలోంచి రెండో ప్రతి తీసింది. ఆవిడ ముఖంలో కోపం లేదు.

"మా మనవరాలిది ఎడమచేతి వాటమేనండీ. పెన్ను అలా పట్టుకోదు. ఇందాక గోడ జరిపిన చెయ్యి ఎవరిదో మేం కళ్ళారా చూశాం. మా ఇళ్ళు గీసేది ఆ అమ్మాయే అయితే ఈ సంతకం కూడా ఆ అమ్మాయి చేతే పెట్టించండి. లేదంటే కాగితాలు సంచీలో పెట్టేసుకుంటాను" అంది.

మామయ్య అందరి ముఖాలూ చూశాడు. లెక్కల బాబాయి ముఖం కోసం కూడా చూశాడు, అది అప్పటికే గదిలో లేదు. కుర్చీలోంచి లేచాడు. వదిన ఆ కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో పెన్ను అందుకుంది. ఫ్యాను గాలికి కాగితం ఎగిరిపోబోయింది. మామయ్య వంగి, అది కదలకుండా రెండు చేతులతోనూ పట్టుకుని నిలబడ్డాడు. సంతకం పూర్తయ్యాక, "ఈ మౌసు సంగతి కాస్త నాకూ చెప్పమ్మా" అని చాలా మెల్లగా అన్నాడు. ఆ గదిలో చేరిన ఇన్నేళ్ళలో ఆయన చేసిన మొదటి పని అది.